నమ్మకం లేని ఇంట్లో క్రిస్మస్ చెట్టు

"దేవుడే లేడంటావు, మరి ఇంట్లో ఆ చెట్టేంటి?" డిసెంబర్ వచ్చిందంటే నాస్తికుడికి ఈ ఎత్తిపొడుపు తప్పదు. అడిగేవాడి దృష్టిలో ఇది తిరుగులేని ప్రశ్న. నమ్మకం ఉంటే పండగ చేసుకోవాలి, లేకపోతే మానెయ్యాలి. మధ్యలో నిలబడ్డవాడు దొంగ. చాలామంది నాస్తికులు కూడా ఈ లెక్కను ఒప్పుకున్నట్టే ఇబ్బందిగా నవ్వి, "పిల్లల కోసం లెండి" అని తప్పించుకుంటారు.

అలా మధ్యలో నిలబడ్డవాళ్లు ఒకరిద్దరైతే సరే అనుకోవచ్చు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2013లో జరిపిన సర్వేలో, ఏ మతమూ లేదన్నవాళ్లలో 87 శాతం మంది క్రిస్మస్ చేసుకుంటామన్నారు. అదే సంస్థ 2017లో మళ్లీ అడిగింది. మొత్తం అమెరికన్లలో పదిమందికి తొమ్మిదిమంది పండగ చేసుకుంటున్నారు గానీ, దాన్ని ముఖ్యంగా మతపరమైన పండగగా చేసుకుంటున్నామన్నవాళ్లు 46 శాతమే. ఇంతమందిని కపటులని కొట్టిపారేస్తే అది తిట్టవుతుంది తప్ప వివరణ కాదు.

నాస్తికులకు బాగా ఇష్టమైన జవాబు ఒకటుంది. నాకు మాత్రం అన్నిటికంటే బలహీనంగా కనిపించేది అదే. "అసలు ఇది క్రైస్తవుల పండగే కాదు, రోమన్ల పండగను చర్చి ఎత్తుకుపోయింది" అంటారు. సువార్తల్లో యేసు పుట్టిన తేదీ లేదు, నిజమే. డిసెంబర్ మూడో వారంలో రోమన్లు శాటర్న్ అనే దేవుడి పేరిట సాటర్నేలియా పండగ జరుపుకునేవారు. 274లో ఆరేలియన్ చక్రవర్తి రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించాడు. అవీ నిజాలే. అయితే డిసెంబర్ 25ను రోమ్‌లో క్రీస్తు జన్మదినంగా జరిపారని చెప్పే అతి పాత ఆధారం 336 నాటిది. అది మనకు దొరికింది 354లో కూర్చిన ఒక గ్రంథంలో. అదే రోజును సూర్యుడి పుట్టినరోజుగా చూపే క్యాలెండర్ కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారో చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. మరియ మార్చి 25న గర్భం దాల్చిందన్న లెక్కకు తొమ్మిది నెలలు కలిపితే ఈ తేదీ వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. సరే, రోమన్లదే అనుకుందాం. శాటర్న్ దేవుణ్ణి తలుచుకుని చెట్టుకు దీపాలు కట్టేవాళ్లు ఇప్పుడెవరున్నారు? పండగ ఎక్కడ పుట్టిందో తెలిసినంత మాత్రాన ఇంకా ఎందుకు బతికుందో తెలిసిపోదు.

వ్యాపారుల మాయ అన్న జవాబుదీ అంతే సంగతి. ఎర్రకోటు శాంటాను కోకా-కోలా సృష్టించిందని చెప్పుకుంటారు గానీ, ఆ కంపెనీ ప్రసిద్ధ ప్రకటనలు వచ్చింది 1931లో. కార్టూనిస్టు థామస్ నాస్ట్ 1863 నుంచే శాంటాను గీస్తున్నాడు. పైగా కంపెనీలు ఏటా ఎన్నో 'డే'లను మన నెత్తిన రుద్దుతూనే ఉంటాయి. వాటిలో చాలావరకు డిస్కౌంటుతో మొదలై డిస్కౌంటుతోనే అయిపోతాయి. క్రిస్మస్‌ను అమ్మడం వాళ్లకు తేలికైందంటే అప్పటికే జనానికి దానితో ఏదో అవసరం ఉంది కాబట్టే.

ఆ అవసరం ఏమిటో చూసేముందు ఒక తమాషా చెప్పుకోవాలి. ఈ పండగను చట్టం పెట్టి మాన్పించాలని చూసినవాళ్లలో మొదటివరసలో ఉన్నది నాస్తికులు కారు, పరమ భక్తులు. బైబిల్లో లేని పండగ ఎందుకని ప్యూరిటన్లనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్లు పట్టుబట్టడంతో ఇంగ్లండ్ పార్లమెంటు 1647లో క్రిస్మస్‌ను రద్దు చేసింది. ఆ డిసెంబర్ 25న కాంటర్బరీలో అంగళ్లు తెరవాల్సిందేనని మేయర్ ఆజ్ఞ వేస్తే, తెరిచిన అంగళ్ల మీద జనం విరుచుకుపడ్డారు. అట్లాంటిక్ అవతల మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా ఈ పండగ చేసుకున్నవాడికి 5 షిల్లింగుల జరిమానా ఉండేది. స్కాట్లాండ్‌లో క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు 1958 దాకా రాలేదు. భక్తి పెరిగితే పండగ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అన్న లెక్క ఆనాడే కుదరలేదు.

ఇరవయ్యో శతాబ్దంలోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. 1951 డిసెంబర్ 23న ఫ్రాన్స్‌లోని డిజోన్‌లో చర్చి పెద్దల ఆమోదంతో శాంటా దిష్టిబొమ్మను కెథడ్రల్ కమ్మీలకు ఉరితీసి, తర్వాత తగలబెట్టారు. చూడ్డానికి పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. నేరం ఏమిటంటే, క్రీస్తు పుట్టినరోజును కాజేశాడట. మర్నాడు సాయంత్రం మున్సిపల్ భవనం పైకప్పు మీద శాంటా మళ్లీ ప్రత్యక్షమయ్యాడు. (ఆ ఊరి మేయర్ ఫెలిక్స్ కిర్ స్వయంగా క్యాథలిక్ గురువు. పాపం, ఎటు మాట్లాడినా ఇబ్బందే.) దీని మీద మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్ మరుసటి ఏడాది ఒక వ్యాసం రాశాడు. పిల్లలకు శాంటా ఎందుకు నచ్చుతాడన్నది ప్రశ్న కాదని, పెద్దలకు అతన్ని కల్పించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అడగాలని అన్నాడు. "పిల్లల కోసం లెండి" అని తప్పించుకునేవాళ్లకు ఈ మాట కాస్త గట్టిగానే తగులుతుంది.

పెద్దల అవసరాల్లో నేను అన్నిటికంటే పైన పెట్టేది తేదీని. నాలుగు ఊళ్లలో ఉంటున్న నలుగురు తోబుట్టువులు "ఒకసారి అందరం కలుద్దాం" అని వాట్సాప్ గ్రూపులో మొదలుపెట్టారనుకోండి. ఒకరికి ఆ శనివారం షిఫ్టు. ఇంకొకరి పిల్లాడికి పరీక్షలు. మూడోవాడు "చూసి చెప్తా" అని రెండు వారాలు పలకడు. నాలుగో ఆవిడ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటుంది. అది సరేననో, చూశాననో ఎవరికీ అర్థం కాదు. చివరికి తేదీ పెట్టిన మనిషికే చెడ్డపేరు వస్తుంది. క్రిస్మస్‌కు సెలవున్న దేశంలో డిసెంబర్ 25కి ఈ బేరాలేవీ ఉండవు. దాన్ని ఇంట్లో ఎవరూ ఎంచుకోలేదు కాబట్టి ఎవరి మీదా నిష్ఠూరం ఉండదు. ఆఫీసూ బడీ రెండూ మూసే ఉంటాయి. ఆ రోజు రానివాడే కారణం చెప్పుకోవాలి.

తేదీ వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఆస్తి గొడవలో మాటలు మానేసిన అన్నదమ్ముల్ని తీసుకోండి. మార్చిలో ఏదో ఒక మామూలు మంగళవారం తమ్ముడు ఫోన్ చేస్తే అన్నకు ముందు అనుమానం వస్తుంది: "వీడికి నాతో ఏం పని పడింది?" డిసెంబర్ 25న అదే ఫోన్‌కు సంజాయిషీ అక్కర్లేదు. "పండగ కదా అని చేశాను" అంటే చాలు. క్షమాపణ అడగక్కర్లేదు, తప్పెవరిదో తేల్చక్కర్లేదు. మాట కలపడానికి ఇంత చవకైన సాకు మరొకటి దొరకదు. ఆ సాకు వాడుకోవడానికి యేసు కన్యకు పుట్టాడని నమ్మాల్సిన పని లేదు.

బహుమతులదీ ఇదే వరస. ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో ఒక లెక్క తేల్చాడు. పుచ్చుకున్నవాళ్లు తమకొచ్చిన వస్తువుకు కట్టిన విలువ దాని ధర కంటే పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా ఉందట. అంటే ఆ మేరకు డబ్బు దండగ, నగదే చేతిలో పెడితే మేలు. లెక్కగా చూస్తే కాదనలేం. కానీ తీసుకున్నవాడు ఆ వస్తువును ఎంతకు కొనేవాడన్నది ఇచ్చినవాడికి పట్టదు. ఫలానా మనిషి గురించి ఒక సాయంత్రమంతా ఆలోచించానని చూపించడమే అతని ఉద్దేశం. నప్పని స్వెట్టర్ కూడా ఆ పని చేసిపెడుతుంది, కాస్త వంకరగానైనా.

అలాగైతే మతంతో పనిలేని ఒక తేదీని మనమే పెట్టుకోవచ్చు కదా? ప్రయత్నించారు. ఫ్రెంచి విప్లవకారులు 1793లో క్యాలెండర్‌నే మార్చేశారు. పదిరోజుల వారాలు పెట్టి, సెయింట్ల పేర్లు తీసేసి, రోజుకో పంటనో, పనిముట్టునో, జంతువునో కేటాయించారు. డిసెంబర్ 25 వాళ్ల లెక్కలో నివోజ్ 5 అయింది. దానికి తగిలించిన పేరు కుక్క! 1806 జనవరి 1న నెపోలియన్ ఆ క్యాలెండర్‌ను మూలపడేశాడు. అమెరికాలో న్యూజెర్సీ మానవతావాదులు 2001లో డిసెంబర్ 23న 'హ్యూమన్ లైట్' అనే పండగ మొదలుపెట్టారు. మంచి ఉద్దేశమే, ఇప్పటికీ జరుపుకునేవాళ్లు ఉన్నారు. అయినా దాని పేరు విన్న నాస్తికులే తక్కువ. మనం మొదలుపెట్టిన పండగను మనమే మానేయొచ్చని అందరికీ తెలుసు, చిక్కంతా అక్కడే.

అందుకే "మా పండగను వాడుకుంటున్నారు" అని విశ్వాసులు పడే బాధలో సగం న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఆ తేదీని ఇన్ని శతాబ్దాలు మోసుకొచ్చింది వాళ్లు. పేరుమోసిన నాస్తిక రచయిత రిచర్డ్ డాకిన్స్ అంతటివాడు తనను సాంస్కృతిక క్రైస్తవుడినని చెప్పుకుని, కరోల్స్ పాడటం ఇష్టమని 2007లోనే అన్నాడు. అయితే ఆ పాటల్ని ఏడాది పొడవునా సాధన చేసే గాయకబృందాన్ని, పాతబడ్డ చర్చి కప్పును నిలబెట్టేది ఆయన కాదు. మతం లేనివాళ్లు ఈ అప్పును అప్పుగా ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. రోమన్ల మీద నెట్టి తప్పించుకోవడం కంటే అది మర్యాద. కానీ బాధలో మిగతా సగం చెల్లదు. ఒక నాస్తికుడు చెట్టు పెట్టుకున్నంత మాత్రాన చర్చిలో అర్ధరాత్రి ఆరాధన ఆగదు.

తేదీ బయటినుంచి రావడంలో సుఖం ఉన్నట్టే ఉక్కపోత కూడా ఉంది. ఎవరూ లేని మనిషికి ఆ రోజు మామూలు ఒంటరితనం రెండింతలవుతుంది. చేసుకోనన్నవాడు ఎందుకు చేసుకోవట్లేదో పదిమందికి చెప్పుకోవాల్సి వస్తుంది. మతం పోయినా ఆ ఇంట్లో వంట, సర్దుడు, ఎవరికేం కొనాలన్న జాబితా ఎక్కువగా ఒక్కరి నెత్తినే ఉంటాయి. ఆ ఒక్కరు ఎవరో చెప్పక్కర్లేదు.

నమ్మేవాళ్లు బాగా తగ్గిపోతే ఈ పండగ ఏమవుతుందని కొందరు అడుగుతారు. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరు ఉంటారేమో, డిసెంబర్ 25కి సెలవు కూడా లేదు. కుటుంబమంతా కలిసే రోజుగా అక్కడ కొత్త సంవత్సరం ఎప్పట్నుంచో ఉంది. దాంతో క్రిస్మస్ రాత్రి ప్రేమికులకు, కేకుకు, 1974 నుంచి కేఎఫ్‌సీ ప్రచారం పుణ్యమా అని వేయించిన కోడికి దక్కింది. ఖాళీగా ఉన్న చోటు చూసుకుని పండగ సర్దుకుంది.

రష్యాలో ఇంకా చిత్రంగా జరిగింది. 1920ల చివర్లో సోవియట్ ప్రభుత్వం క్రిస్మస్ చెట్టును మతచిహ్నమని తరిమేసింది. 1935 డిసెంబర్ 28న ప్రావ్దా పత్రికలో పావెల్ పోస్టిషెవ్ అనే పార్టీ నాయకుడి లేఖ వచ్చింది. వెనకటి రోజుల్లో డబ్బున్నవాళ్ల ఇళ్లలో మెరిసే చెట్టును కార్మికుల పిల్లలు కిటికీల్లోంచి ఆశగా చూసేవారని, ఇప్పుడు ఆ ఆనందం సోవియట్ పిల్లలకు ఎందుకు లేకుండా చేయాలని అడిగాడు. కొద్దిరోజుల్లోనే చెట్టు తిరిగొచ్చింది, కొత్త సంవత్సరం చెట్టుగా. ఆ పోస్టిషెవ్‌ను 1939లో స్టాలిన్ ప్రభుత్వమే కాల్చి చంపింది గానీ చెట్టు జోలికి మళ్లీ వెళ్లలేదు. 1991 నుంచి అక్కడి ఆర్థడాక్స్ చర్చి జరుపుకునే క్రిస్మస్‌కు, అంటే జనవరి 7కు, మళ్లీ సెలవు ఇస్తున్నారు. ఇప్పుడు చర్చికి వెళ్లేందుకు అడ్డేమీ లేదు, వెళ్లేవాళ్లు వెళ్తున్నారు. చెట్టు, బహుమతులు, కుటుంబమంతా కూర్చునే భోజనం మాత్రం ఇప్పటికీ డిసెంబర్ 31 రాత్రికే.