సీసా పోస్తే ఇంజన్ కడిగినట్టు కాదు

పత్తికి మందు కొట్టే రోజులు మొదలైనప్పటి నుంచి మా నల్లగొండ చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: ఇంజన్ ఆయిల్‌లో ఒక చిన్న సీసా మందు పోసి నడపండి, లోపలి కార్బన్ మొత్తం కరిగిపోతుంది, ఇంజన్ విప్పే పనే ఉండదు, మైలేజ్ పెరుగుతుంది, ఆయిల్ కూడా మార్చక్కర్లేదు. బైకు, తైవాన్ పంపు (చేలకు మందు కొట్టే ఇంజన్ పంపు), జనరేటర్, గడ్డి కోసే మిషన్, దేనికైనా పనిచేస్తుందట. సీసా దొరక్కపోతే అర గ్లాసు గ్యాస్‌నూనె (కిరోసిన్) పోసినా చాలని కింద ఎవరో చేర్చారు.

నేను పదహారేళ్లుగా చిన్న ఇంజన్లు విప్పి బిగించే పని చేస్తున్నాను. ఈ వీడియో చూసి సీసా పోసి, ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చినవి నెలన్నరలో నాలుగు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"కార్బన్ మొత్తం కరిగిపోతుంది."

ముందు ఆ కార్బన్ ఎక్కడుంటుందో చూడాలి. గట్టిగా పేరుకునేది పెట్రోలు మండే చోట: పిస్టన్ తల మీద, హెడ్ లోపల, ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టూ, సైలెన్సర్ మొదట్లో. ఇంజన్ ఆయిల్ తిరిగే దారి వేరు. కింద క్రాంక్, గేర్లు, క్లచ్. పైన వాల్వ్‌లను తెరిచి మూసే క్యామ్, రాకర్లు. పెట్రోలు మండే చోటుకూ ఈ ఆయిల్‌కూ మధ్య అడ్డంగా ఉండేవి పిస్టన్ రింగులు. ఆ అడ్డు దాటి ఆయిల్ పైకి పోతుంటే "బండి ఆయిల్ తాగుతోంది" అంటాం. అంటే సీసాలోని మందు ఆ కార్బన్ దాకా చేరాలంటే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ), వాల్వ్ సీళ్లో ముందే అరిగిపోయి ఉండాలి. కార్బొరేటర్ జెట్‌లో పట్టే జిగురు సంగతీ ఇంతే. అది పెట్రోలు దారి, ఆయిల్ అక్కడికి పోనే పోదు.

ఆయిల్ తిరిగే చోట ఉండే మురికి వేరే రకం. టైముకు ఆయిల్ మార్చని బండిలో మూలమూలల్లో నల్లటి బురద పడుతుంది. దాని మీద ఈ మందు నిజంగానే పనిచేస్తుంది. నాకు భయమంతా అక్కడే.

మొన్న దేవరకొండ వైపు నుంచి ఒక 100 సీసీ బండి వచ్చింది. సీసా పోసి నలభై కిలోమీటర్లు తిరిగారు, హెడ్‌లో టకటకమని శబ్దం మొదలైంది. కుడివైపు కవర్ విప్పి, అడుగున ఉండే ఆయిల్ జాలీని బయటికి లాగాను. దానికి రంధ్రాలే కనపడలేదు. కాటుకలాంటి ముద్ద ఈ చివర నుంచి ఆ చివర దాకా పట్టేసింది. గోరుతో గీస్తే గీత పడి, కింద జాలీ మెరిసింది. ఏళ్ల తరబడి మూలల్లో కదలకుండా ఉన్న బురద ఒక్కసారిగా ఊడి, ఆయిల్ పంపు పీల్చుకునే నోటికే అడ్డం పడింది. పైన క్యామ్‌కు ఆయిల్ అందక రాకర్ల మీద గీతలు పడ్డాయి. ఇలాంటి బండ్లలో కారుకు ఉన్నట్టు తీసి మార్చే కాగితం ఫిల్టర్ ఉండదు. ఈ జాలీ, దానికి తోడు గిన్నెలా గిర్రున తిరిగే ఫిల్టర్, అంతే.

చిన్న జనరేటర్లు, పవర్ వీడర్లలో (కలుపు తీసే మిషన్లలో) వచ్చే చాలా ఇంజన్లకైతే ఆయిల్ పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున చెంచాలాంటి ముక్క ఒకటి తిరుగుతూ ఆయిల్‌ను చిమ్ముతుంటుంది. మురికి ఊడితే దాన్నీ అలాగే బేరింగ్‌ల మీద చిమ్ముతుంది.

"ఆయిల్ ఎంత నల్లగా వచ్చిందో చూడండి."

వీడియోలో జనాన్ని నమ్మించేది ఈ దృశ్యమే. ఇంజన్ ఆయిల్ తయారుచేసేటప్పుడే మురికిని కడిగే రసాయనాలు, కడిగిన మురికిని అడుగుకు దిగనీయకుండా తేలించి పట్టుకునే రసాయనాలు అందులో కలుపుతారు. మంచి ఆయిల్ నల్లబడిందంటే తన పని తాను చేస్తున్నట్టు. సీసా పోయకుండా దించినా వాడిన ఆయిల్ నల్లగానే వస్తుంది. నమ్మకం లేకపోతే ఈసారి ఆయిల్ మార్చినప్పుడు మీ బండి కింద డబ్బా పెట్టి చూడండి.

"ఏ ఇంజన్‌కైనా పనిచేస్తుంది."

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ మాటే. మన దగ్గర పత్తికి, బత్తాయి తోటలకు వాడే తైవాన్ పంపుల్లో ఎక్కువ భాగం టూ స్ట్రోకు. వాటికి ఆయిల్ పోసే గదే ఉండదు. పెట్రోలులో కలిపే 2టీ ఆయిలే పిస్టన్‌కూ బేరింగ్‌కూ దిక్కు. 25:1 అని రాసి ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20. మునుగోడు దగ్గరి ఒక పెద్దాయన సీసా ఎక్కడ పోయాలో తెలియక, 2టీ ఆయిల్ బదులు దాన్నే పెట్రోలులో కలిపాడు. మూడో ట్యాంకు కొడుతుండగా ఇంజన్ సీజై బిగుసుకుపోయింది. బ్లాక్ తీసి చూస్తే పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువునా చారలు, సిలిండర్ గోడకు అల్యూమినియం అంటుకుని ఉంది. పచ్చదోమ ఉధృతంగా ఉన్న వారం అది. "దేనికైనా అన్నడు గద తమ్మీ" అన్నాడాయన. ఆయన్ని ఏమనగలను? పక్క చేను వాళ్ల పంపు కిరాయికి తెచ్చుకుని మిగతా మడులు కొట్టుకున్నాడు.

బైకులకు ఇంకో సమస్య. మన గేర్ బండ్లలో చాలావాటికి ఇంజన్‌కూ గేర్లకూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు అందులో మునిగి ఉండి కూడా పట్టు తప్పకూడదు. బైకు ఆయిల్ డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని రాసేది అందుకే. రాపిడి తగ్గిస్తుందని చెప్పే మందు, అందులోనూ కార్ల కోసం చేసింది, ఇందులో పోస్తే ప్లేట్లు జారతాయి. రేజ్ చేస్తే శబ్దం పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు.

"గ్యాస్‌నూనె పోసినా అదే ఫలితం."

విప్పిన సామాన్లను మేమూ రోజూ గ్యాస్‌నూనెలోనే కడుగుతాం. వెనకటి ఆయిల్ ఇంజన్లనూ బావి దగ్గరే విప్పి అలాగే కడిగేవాళ్లు. అది చూసిన వాళ్లకు ఈ మాట నిజమే అనిపిస్తుంది. కానీ అవి ఆగి ఉన్న ఇంజన్లు, విడిగా తీసిన భాగాలు. లీటరుకు అటూ ఇటూ ఆయిల్ పట్టే బైకులో వంద మిల్లీలీటర్లు పోస్తే దాదాపు పదో వంతు గ్యాస్‌నూనే. ఆయిల్ పలచబడి, లోహానికీ లోహానికీ మధ్య ఉండాల్సిన పొర నిలవదు. ఎండలో, బరువుతో, గాలికే చల్లబడే ఇంజన్‌లో మరీను.

"మైలేజ్ పెరుగుతుంది, ఆయిల్ మార్చక్కర్లేదు."

మైలేజ్ పడిపోతే ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, చైన్, పట్టేసిన బ్రేకులు చూడండి. ఇలాంటి గొప్పలు కొత్తవేమీ కావు. అమెరికాలో స్లిక్ 50 అనే ఆయిల్ మందు ప్రకటనల్లోని మాటలకు ఆధారాలు లేవని అక్కడ వినియోగదారులను కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 1997లో కంపెనీ రాజీకి రావాల్సి వచ్చింది. ఇక ఆయిల్ మార్చొద్దనడం మాటకు మాటే పొసగదు. మురికి కరిగి ఆయిల్‌లో కలిసిందని వాళ్లే అంటున్నారు. ఆ ఆయిల్‌ను దించకపోతే ఆ మురికి ఎటు పోతుంది?

ఒకటి ఒప్పుకోవాలి. ఫ్లషింగ్ ఆయిల్ అని అసలైనదే ఒకటుంది. మురికితో బిగుసుకున్న రింగులు దాంతో కొంత వదులైన సందర్భాలూ ఉన్నాయి. దాన్ని మాత్రం బండి నిలబెట్టి, స్లోలో (రేజ్ చేయకుండా), లేబుల్ మీద రాసినంతసేపే నడిపి, వేడి మీదే మొత్తం దించెయ్యాలి. ఏ ఇంజన్లకు వాడొచ్చో కూడా లేబుల్ మీదే ఉంటుంది.

టూ స్ట్రోకు పంపుకు కార్బన్ తీయాలంటే సైలెన్సర్ విప్పండి. పిస్టన్‌ను పైకి తెచ్చి ఎగ్జాస్ట్ రంధ్రం మూసుకునేలా చేసి, కట్టె పుల్లతో గీకండి, ఇనుము వద్దు. గీకిన పొడి లోపలికి పోకుండా దులిపేయండి. నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజన్లకు సాధారణంగా కొత్తలో 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చాలి. మన దుమ్ములో అంతకన్నా ముందే మార్చినా నష్టం లేదు.

ఇప్పటికే సీసా పోసి ఉంటే బండి నడిపి నా దగ్గరికి తేవద్దు. ఉన్నచోటే ఆపి ఆయిల్ దించండి. జాలీ తీయించి కడిగించి, బుక్కులో రాసిన గ్రేడు ఆయిల్ పోయండి. 300 కిలోమీటర్లు తిరిగాక అదీ దించి, జాలీ మరోసారి చూడండి. రెండోసారీ ముద్ద కనపడితే కవర్ విప్పాల్సిందే.