సవరణ: మొక్కజొన్న పొట్టు గౌను గెలిచింది ఎపిసోడ్‌ను, సీజన్‌ను కాదు

ఫ్యాషన్ డిజైనర్లు పోటీపడే అమెరికన్ టీవీ షో ‘ప్రాజెక్ట్ రన్‌వే’ మొదటి ఎపిసోడ్ గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, పోటీదారు ఆస్టిన్ స్కార్లెట్‌ను తొలి సీజన్ విజేత అని పేర్కొన్నాను. ఆయన గెలిచింది ఆ ఎపిసోడ్ పోటీని మాత్రమే. సీజన్ విజేత జే మెక్‌కారల్. ఆస్టిన్ చివరి ముగ్గురిలో కూడా లేరు.

2004 డిసెంబర్ 1న అమెరికాలో బ్రావో చానెల్‌లో ప్రసారమైన ఆ ఎపిసోడ్‌లో డిజైనర్లను బట్టల దుకాణానికి కాకుండా సూపర్ మార్కెట్‌కు పంపారు. చేతికి ఇచ్చింది 50 డాలర్లు. అక్కడ దొరికే సరుకులతోనే డ్రెస్ కుట్టాలి. ఆస్టిన్ మొక్కజొన్న కండెల మీది పొట్టుతో గౌను చేశారు. పచ్చిగా ఉన్నప్పుడు ఆ పొట్టు చెప్పినట్టు వంగుతుంది, తడి ఆరే కొద్దీ ముడుచుకుపోతుంది. అంటే కొలతలు సరిపోయినా మోడల్ ర్యాంప్ ఎక్కేదాకా టెన్షనే. అలాంటి పదార్థాన్ని ఒంటికి అమిరే గౌనుగా మలచడం నిజంగా గొప్ప పనితనం. ఇప్పటికీ ఈ షో అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ గౌనే. సీజన్ గెలవలేదని దాని విలువ ఏమీ తగ్గదు.

ఇంకొకటి. టిమ్ గన్‌ను జడ్జీగా రాశాను. అప్పట్లో ఆయన మెంటర్. వర్క్‌రూమ్‌లో తిరుగుతూ సలహాలిచ్చేవారు, ఆ సీజన్‌లో మార్కులు వేసేవాళ్లలో ఆయన లేరు. ఆ పని హైడీ క్లుమ్, మైకేల్ కోర్స్, నీనా గార్సియాలతో పాటు అతిథి జడ్జీలది. ఈ తేడా తెలిసి చూస్తే ఆయన మాటలు వేరేగా వినిపిస్తాయి: అవి తీర్పులు కావు, టైమ్ ఉండగానే చేసే హెచ్చరికలు.