కెమెరా ఆన్ చేయండి, మేం మాత్రం చేయం

ఉద్యోగాలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు చేసే పెద్దమనుషుల మీద నాకు అపారమైన గౌరవం. వాళ్లకు ముఖం ఉండదు. నల్లటి తెర మీద ఒక గుండ్రం, దాని మధ్యలో ఒక ఇంగ్లీషు అక్షరం, అంతే. ఆ అక్షరమే ప్రశ్నలడుగుతుంది, ఆ అక్షరమే నిట్టూరుస్తుంది, మధ్యమధ్యలో ఆ అక్షరమే చిప్స్ కరకరా నములుతుంది. మర్యాద కోసం ఈయన్ని ‘కే’ గారు అని పిలుచుకుందాం. మీ పిల్లల్ని ఇంటర్వ్యూ చేసింది ‘ఎస్’ గారో ‘పి’ గారో అయ్యుండొచ్చు, అందరిదీ ఒకే వంశం.

కే గారి మొదటి మాట ఎప్పుడూ ఒకటే. “ప్లీజ్, మీ కెమెరా ఆన్ చేయండి.”

గుంటూరు బ్రాడీపేటలో మా ఎదురింటి అమ్మాయికి మొన్న కే గారి దర్శనభాగ్యం కలిగింది. వాళ్లది రెండు గదుల పోర్షన్. ముందు గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, కర్టెన్ ఉంది. ఇంటర్వ్యూ పదకొండింటికి. పొద్దున్నుంచే ఆ ఇంట్లో కర్ఫ్యూ. కుక్కర్ ఎక్కించకూడదు. మిక్సీ వేయకూడదు. తాతయ్య దగ్గకూడదు. దగ్గు ఆయన చేతిలో ఉండదు కాబట్టి, తువ్వాలు ఇచ్చి మా ఇంటికి పంపేశారు. వాళ్ల నాన్న గేటు దగ్గర కాపలా. ‘పాత ఇనుము కొంటాం, పాత ప్లాస్టిక్ కొంటాం’ అని రికార్డు పెట్టుకుని తిరిగే బండిని వీధి మొదట్లోనే ఆపి, అర్ధగంట పోయాక రమ్మని బతిమాలాడు. బండివాడు ఏం జరిగిందోనని కంగారుపడి, ఎవరైనా పోయారా అని అడిగాడట.

కే గారు పదకొండూ ఇరవైకి వచ్చారు. వచ్చీ రాగానే గది మొత్తం తిప్పి చూపించమన్నారు. అమ్మాయి ల్యాప్‌టాప్ ఎత్తి నాలుగు గోడలూ చూపించింది. దేవుడి క్యాలెండర్, బియ్యం డ్రమ్ము, దండెం మీద వాళ్ల నాన్న లుంగీ, అన్నీ కే గారు శ్రద్ధగా పరిశీలించారు. కంప్యూటర్‌లో జావా ప్రోగ్రాములు రాసే ఉద్యోగానికి లుంగీ ఏ విధంగా అడ్డమో తెలియదుగానీ, దాన్ని తీయమన్నారు. అమ్మాయి తీసింది. అప్పుడు కే గారి గొంతు మారిపోయింది.

“మీ వెనకాల ఇంకెవరో ఉన్నారు.”

“ఎవరూ లేరండీ.”

“ఉన్నారు. నాకు కనిపిస్తున్నారు.”

“అది బీరువా అద్దం సార్. అందులో ఉన్నది నేనే.”

కే గారు కాసేపు ఆలోచించారు. చెయ్యి ఊపమన్నారు. అమ్మాయి ఊపింది, అద్దంలో మనిషి కూడా ఊపింది. అయినా అనుమానం తీరలేదు. “రెండో చెయ్యి కూడా ఊపండి.” ఊపింది. చివరికి అద్దానికి దుప్పటి కప్పించి, మొదటి ప్రశ్న అడిగారు. “మీ గురించి చెప్పండి.”

ఇంకేం చెప్పాలి నాయనా? ఇల్లంతా చూశావు కదా!

ఇంత హడావుడిలో ఆ అమ్మాయి తల్లి ఎక్కడుందో చెప్పలేదు కదూ. కెమెరాలో ఎవరూ కనపడకూడదన్నారు కాబట్టి, వంటింటికి తలుపు లేదు కాబట్టి, ఆవిడ ఇంటర్వ్యూ అయ్యేదాకా బాత్రూంలో నిలబడింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి. తన ఇంట్లో, తాము అద్దె కట్టే ఇంట్లో, ముఖం చూపించే ధైర్యం లేని ఒక అక్షరానికి భయపడి బాత్రూంలో నిలబడింది! ఇందులో నాకు హాస్యం కనిపించడం లేదు. సిగ్గులేనితనం కనిపిస్తోంది. నువ్వెవరివో, ఎక్కడ కూర్చున్నావో, ఒళ్లో ఏం పెట్టుకుని తింటున్నావో మేం అడగకూడదు. మా ఇంటి దండెం మాత్రం నీకు కావాలి.

ఈ పద్ధతిలో మేలు లేదని అనను. 2020 లాక్‌డౌన్‌కు ముందు ప్రతి ఇంటర్వ్యూకీ మన పిల్లలు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ పోయి, అమీర్‌పేట హాస్టల్లో ఎవరి మంచం మీదో సర్దుకుని, తెల్లారి లైన్లో నిలబడేవాళ్లు. ఆ ఖర్చు తప్పింది. మోసాలూ నిజమే. ఒకడు పెదాలు కదుపుతుంటే ఇంకొకడు జవాబు చెప్పే ప్రాక్సీ విద్య మనవాళ్లకు నేర్పక్కర్లేదు. దొంగిలించిన వివరాలతో, డీప్‌ఫేక్ వీడియోలతో రిమోట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2022 జూన్‌లోనే హెచ్చరించింది. అందుకే 2025లో సుందర్ పిచాయ్ కూడా గూగుల్‌లో కనీసం ఒక్క రౌండైనా ఎదురెదురుగా కూర్చోబెట్టి చేస్తామన్నారు.

అనుమానం ఉంటే చేయాల్సిన పని అది. పిలిపించు, చూడు. మా మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి, కాయ చేతిలోకి తీసుకుని, రంగూ తేమా చూసి, నచ్చకపోతే ఆ మాట రైతు ముఖం మీదే చెప్పి పోతాడు. ఎండుమిరపకాయకు దక్కే ఆ మర్యాద బీటెక్ చదివిన పిల్లకు దక్కదా?

ఇలా గదులు చూపించమనడం మీద అమెరికాలో కోర్టుకెక్కిన విద్యార్థి కూడా ఉన్నాడు. ఒహాయో రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ పరీక్షకు ముందు పడగ్గది చూపించమంటే, అది రాజ్యాంగం ఒప్పుకోని సోదా అని 2022లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఇలినాయ్‌లో 2020 నుంచి ఇంకో చట్టం ఉంది. ఇంటర్వ్యూ వీడియోను ఏఐతో పరీక్షించేట్టయితే ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, అభ్యర్థి తీసేయమని అడిగితే 30 రోజుల్లో తీసేయాలి. మనకూ 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, సంతోషం. ఆ చట్టం పేరెత్తి ‘నా వీడియో ఏం చేస్తారు సార్’ అని ఇంటర్వ్యూలో అడిగే పిల్లకు ఉద్యోగం ఇచ్చే కే గారు ఉంటే చెప్పండి, శాలువా కప్పుదాం.

ఎదురింటి అమ్మాయికి నాలుగో రోజున మెయిల్ వచ్చింది. ఎంపిక చేయలేకపోయినందుకు విచారిస్తున్నారట. అయితే ఆమె వివరాలను భవిష్యత్ అవకాశాల కోసం భద్రంగా దాచుకుంటారట. వివరాలంటే అందులో బియ్యం డ్రమ్ము కూడా ఉందా, లుంగీ తీయకముందు వీడియోనా, తీశాకనా అన్నది రాయలేదు. ఇంకో సంగతి కూడా అందులోనే బయటపడింది. ఆ ఉద్యోగం ఇంటి నుంచి చేసేది కాదు, రోజూ బెంగళూరు ఆఫీసుకు పోవాల్సింది. మరి మా బ్రాడీపేట గోడలతో వాళ్లకేం పని?

వీడియో ఇంటర్వ్యూ చేసి, ఉద్యోగం వచ్చిందని చెప్పి, డిపాజిట్ పేరుతో డబ్బు గుంజే దొంగ కంపెనీలున్నాయి. అలా డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇల్లంతా తిప్పి చూపించమన్న అసలు కంపెనీ మీద ఎవరికి ఫోన్ చేయాలి? కే గారినే అడుగుదామని వాళ్ల నాన్న ఆ మెయిల్‌కు జవాబు రాయించాడు. నిమిషంలో తిరిగొచ్చింది. అది జవాబులు తీసుకోని అడ్రసట.