మోసపోయిందీ వాళ్ళే, అనుమానం కూడా వాళ్ళ మీదేనా?

మొన్న మన తెలుగు అసోసియేషన్ ఉగాది ప్రోగ్రాంలో పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల డాన్సులు మొదలయ్యేలోపు నేను మైకులో ఒక మాట అడిగాను గుర్తుందా, మా ఆఫీసులో నా పక్క సీటులో ఉండే నల్లజాతి ఆవిడ చెల్లెలి అపార్ట్‌మెంట్ కాలిపోయింది, ఆ చెల్లెలు ఇద్దరు చిన్నపిల్లలతో కట్టుబట్టలతో బయటపడింది, ఫుడ్ స్టాల్స్‌లో మిగిలినదాంట్లో కొంత వాళ్ళ చర్చి ఫండ్‌కి ఇద్దామని. దానికి ముందు వరసలోంచి ఒక అంకుల్ "ఎందుకమ్మా, బ్లాక్స్ ఫండ్‌రైజర్లంటే అన్నీ ఫ్రాడే కదా, ఆ అట్లాంటా కేసు చూళ్ళేదా" అన్నారు, కొంతమంది నవ్వారు కూడా. మా ఆఫీసావిడ అక్కడే ఉంది. నేనే పిలిచాను. పులిహోర ప్లేటు పట్టుకుని వెనక నిలబడి ఉంది, ఆయన మాటల్లో బ్లాక్స్, ఫండ్‌రైజర్, ఫ్రాడ్ ఇవన్నీ ఇంగ్లీషే కాబట్టి అర్థం కాకపోయే అవకాశమే లేదు. ప్లేటు ఖాళీ చేసి, డాన్సు ఒకటి చూసి, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. సోమవారం ఆఫీసులో ఆ ఊసే ఎత్తలేదు, నాకు గుచ్చుకున్నది అది.

సరే, ఆ కేసు గురించే మాట్లాడదాం. ఒహాయోలో టొలీడోలో ఉండే ఒకడు, నల్లవాళ్ళ మీద పోలీసు హింసకి ఎదురు నిలిచిన బ్లాక్ లైవ్స్ మేటర్ ఉద్యమం పేరు వాడుకుని, "బ్లాక్ లైవ్స్ మేటర్ ఆఫ్ గ్రేటర్ అట్లాంటా" అని ఫేస్‌బుక్ పేజీ నడిపాడు, 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసు చంపేశాక జనం కడుపు మండి పంపిన డబ్బు నాలుగున్నర లక్షల డాలర్లు దాటింది, దాంతో సూట్లు కొనుక్కున్నాడు, టొలీడోలో ఇల్లు కొనుక్కున్నాడు. 2024లో కోర్టు మూడున్నరేళ్ళు జైలు వేసింది. వేయాల్సిందే. కానీ చారిటీలు ఏటా ఇవ్వాల్సిన లెక్కల పత్రం, ఫారం 990, దాఖలు చెయ్యలేదని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ సంస్థ పన్ను మినహాయింపుని 2019లోనే రద్దు చేసింది, ఆ తర్వాత కూడా ఆ పేజీ మీద డబ్బు వస్తూనే ఉందంటే అడగాల్సింది ఎవర్ని? అంతకుముందు 2018లో సిఎన్‌ఎన్ బయటపెట్టింది ఇంకా ఘోరం, బ్లాక్ లైవ్స్ మేటర్ పేరుతో దాదాపు ఏడు లక్షల మంది ఫాలోవర్లున్న పేజీ వెనక ఉన్నది ఆస్ట్రేలియాలో ఒక తెల్లాయన, లక్ష డాలర్ల దాకా చందాలు పోగయ్యాయి, రిపోర్టర్లు మళ్ళీ మళ్ళీ అడిగితే గానీ ఫేస్‌బుక్ పేజీ తియ్యలేదు. 2020లోనే కాలిఫోర్నియాలో ఉద్యమంతో ఏ సంబంధం లేని ఒక ఫౌండేషన్‌కి, పేరు కలిసిందని, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు కూడా డబ్బు పంపారు. ఆ ఆఫీసుల్లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పక్కర్లేదు.

ఈ దెబ్బ నల్లవాళ్ళకి కొత్తది కాదు. సివిల్ వార్ అయ్యాక 1865లో ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ పెట్టారు, బానిసత్వంలోంచి అప్పుడే బయటపడినవాళ్ళు కూలి డబ్బులు అందులో దాచుకున్నారు, గవర్నమెంట్ హామీ ఉందనే నమ్మించారు. 1874లో మూతపడింది, దాదాపు 61 వేల మంది డిపాజిటర్లవి ముప్ఫై లక్షల డాలర్ల దాకా ఇరుక్కుపోయాయి, చాలామందికి పూర్తిగా ఎప్పటికీ రాలేదు. నమ్మకం చూపించి డబ్బు తీసుకున్నవాడు లెక్క చెప్పకపోతే ఏమవుతుందో వాళ్ళకి తాతల కాలం నుంచి తెలుసు.

అందుకేనేమో మా ఆఫీసావిడ వాళ్ళ చర్చిలో కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెడతారు, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు, ఏ ఇంటికి ఎంత సాయం వెళ్ళిందో సభ్యులకి చెప్తారు. అది విన్నప్పుడు నాకు మా ఊళ్ళో పెళ్ళి చదివింపులు గుర్తొచ్చాయి, ఒకరు పుస్తకంలో రాస్తుంటే ఇంకొకరు పేరూ నూటపదహార్లూ పైకి చదివేవాళ్ళు, అందరికీ వినపడాల్సిందే. ఎంత మంచి పద్ధతి అది! ఇక్కడికొచ్చి ఆ పుస్తకం పారేశాం. పాపం ఎవరో స్టూడెంట్ యాక్సిడెంట్‌లో పోయాడు, బాడీ హైదరాబాద్ పంపాలి అని వాట్సాప్‌లో లింక్ వస్తే మన ఊరు, మన కాలేజీ అని చూసి కట్టేస్తాం, ఆర్గనైజర్ ఎవరు, డబ్బు తల్లిదండ్రుల అకౌంట్‌కి వెళ్ళిందా అని ఎవరం అడగం, అడిగితే మనసు లేనివాళ్ళం అయిపోతాం.

ఇలాంటి చందాల పేజీలు నడిపే గోఫండ్‌మీ వెబ్‌సైటు అసలేమీ చెయ్యట్లేదని అనను. డబ్బిచ్చిన ఏడాది లోపు మోసం తేలితే తిరిగిస్తామని గ్యారంటీ ఉంది, 2018లో ఇల్లులేని మనిషికి సాయమని కట్టుకథతో వసూలు చేసిన న్యూజెర్సీ కేసులో నాలుగు లక్షలకి పైగా వాపసు ఇచ్చారు కూడా. కానీ అది పేపర్లలో మోగిపోయిన కేసు. ఇరవై డాలర్లు పంపిన చర్చి పెద్దావిడ మోసం తనే కనిపెట్టి, తనే క్లెయిమ్ పెట్టాలి, ప్రతి డొనేషన్ మీదా 2.9 శాతం, ముప్ఫై సెంట్లు మాత్రం ముందే కట్ అవుతాయి, పైన టిప్పు కూడా అడుగుతారు. ఇది న్యాయంగా లేదు.

కాబట్టి మన అసోసియేషన్ ఈసీకి, అంటే ఎగ్జిక్యూటివ్ కమిటీకి, నా విన్నపం. ఆవిడ వాళ్ళ చర్చిలో కష్టంలో ఉన్నవాళ్ళకి సాయం చేసే బెనవలెన్స్ ఫండ్ పేరు మీద చెక్ రాసి మనవాళ్ళు ఇద్దరు స్వయంగా వెళ్ళి ఇవ్వండి. రెండోది, ఆ చర్చి పెద్దలతో కలిసి మనముండే జార్జియా రాష్ట్రం లెజిస్లేటర్లకి ఒక లెటర్ రాద్దాం. కాలిఫోర్నియాలో ఏబీ 488 అనే చట్టం 2023 నుంచి అమల్లో ఉంది, చారిటీల కోసం వసూలు చేసే ప్లాట్‌ఫారాలు అటార్నీ జనరల్ దగ్గర రిజిస్టర్ అవ్వాలి, రిపోర్టులివ్వాలి. అది ప్రధానంగా చారిటీలకే, మనం వ్యక్తుల పేరిట పెట్టే పేజీలని కూడా కలిపి అడుగుదాం: సాయం అందాల్సిన మనిషి ఒప్పుకునేదాకా డబ్బు విడుదల చెయ్యకూడదు, పేజీ ఆపేస్తే ఆ రోజే డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ కబురు పెట్టాలి, ఎన్ని కంప్లైంట్లు వచ్చాయి, ఎంత తిరిగిచ్చారు అనేది ఏటా బయటపెట్టాలి. డ్రాఫ్ట్ నేను రాస్తాను, సంతకాలు మీరందరూ పెట్టండి.