ఆసుపత్రి బిల్లు ఒక్కటే ఖర్చు కాదు
క్యాన్సర్ వచ్చిన ఒంగోలు యువకుడి గురించి రాస్తూ ఒకరు, ఉచిత వైద్యానికి ప్రభుత్వ వైద్య సేవ కార్డు ఉండగా ఆ ఇద్దరు పిల్లల తండ్రి చర్చిలో చందాలు అడగడం ఎందుకన్నారు. కార్డు పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కినవారు ఆ మాట అనరు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం మంచిదే, మా బావమరిదికి కీమో దానివల్లే జరిగింది. కానీ జబ్బు ఏమిటో తేలేలోపు చేయించిన స్కానింగులు, బయాప్సీ మా జేబులోంచే. ఆ తర్వాత మూడు వారాలకోసారి కావలి నుంచి గుంటూరుకు ఇద్దరి ప్రయాణం, అక్కడ గది అద్దె, తిండి. టైల్స్ పని చేసే మనిషి మంచం పడితే కూలి ఎవరిస్తారు? ముఖ్యమంత్రి సహాయ నిధికి వెళితే అసలు బిల్లులు అడిగారు. మా దగ్గరున్నవి మందుల దుకాణం ఇచ్చిన తెల్లకాగితం చీటీలు (అప్పుడు బిల్లు అడగాలని తోచలేదు, తప్పు మాదే). చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు కానుకల సంచి రెండోసారి తిప్పించారు. వీధి చివరి సాయిబుగారు బియ్యం మూట పంపారు. అడిగి తీసుకున్నామన్న సిగ్గుతో మావాడు కొన్నాళ్లు చర్చికి రావడమే మానేశాడు. భార్య ఒక్కతే వచ్చి పిల్లలతో చివరి వరుసలో కూర్చునేది.