బండి చేరిపోతే పరువేం కావాలి?

కర్నూలు నుంచి శ్రీశైలానికి నూట పది సీసీ స్కూటర్ మీద పోయి, ఏ ఇబ్బందీ లేకుండా తిరిగొచ్చేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. ఇది సమాజానికి మంచిది కాదు. టీ బంకు దగ్గర నిలబడి "ఏమప్పా, దీని మీదనా పోయేది?" అని అడిగిన పెద్దమనిషి పరువేం కావాలి? అరవై నెలల వాయిదాల మీద పెద్ద బండి కొని, దాన్ని ఇంటి ముందర కవర్ కప్పి కాపాడుకుంటున్న యువకుడి మనసేం కావాలి? స్కూటర్ దోర్నాల దగ్గర ఆగిపోతే నాలుగిళ్లలో వారం రోజులు మాట్లాడుకుంటారు. చేరిపోతే "వచ్చినావా? కాళ్లు కడుక్కో" అంటారు. అంతకు మించి ఏమీ ఉండదు.

అసలు చిక్కంతా ఇంజనుతోనే వచ్చింది. స్కూటర్ ఇంజను పక్కన ఫ్యాన్ ఉంటుంది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగి గాలి కొడుతూనే ఉంటుంది. గంటకు 50, 55 మీద పోనిస్తే ఈ ఇంజను పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన కర్నూలు, అనంతపురం పక్క నుంచే పోతుంది కాబట్టి, పెట్రోలు పోసేవాడుంటే కన్యాకుమారి దాకా కూడా పోతుంది. పైగా అమకతాడు, మరూరు టోల్‌గేట్ల దగ్గర కార్లవాళ్లు ఫాస్టాగ్ బీప్ కోసం ఎదురుచూస్తుంటే, స్కూటర్ ఎడమ పక్క సందులోంచి పైసా కట్టకుండా పోతుంది. ఇంజను చిన్నది కాబట్టి ఆగిపోతుందిలే అని దాని మీద ఆశ పెట్టుకోలేం. ఆపే పని యజమానే చేసుకోవాలి. అందుకు అనుభవజ్ఞులు పాటిస్తున్న పద్ధతులు చాలానే ఉన్నాయి.

ముందుగా ఆయిల్. యాక్టివా లాంటి స్కూటర్లో ఆయిల్ మార్చినప్పుడు పట్టేది సుమారు 700 మిల్లీలీటర్లు. కొన్నది లీటరు సీసా. "మిగిలింది ఏం చేసుకుంటావన్నా, పోసెయ్" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. పోసెయ్యాలి. ఎక్కువైన ఆయిల్ ఊపిరి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్లోకి చేరుతుంది, కాగితం ఫిల్టర్ తడిసిపోతుంది, బండికి గాలి ఆడదు, డోన్ దాటేసరికి యాక్సిలరేటర్ ఎంత తిప్పినా నలభై దాటదు. అప్పుడు ఫిల్టర్ తీసి పెట్రోలుతో కడగాలి. ఆ ఫిల్టర్ కడిగేది కాదు, మార్చేది. కాబట్టి ఈ కడగడంతో ఫలితం ఇంకా గట్టిపడుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి కూడా ఉంది. అదేమిటంటే, ఆయిల్ అసలు చూడకపోవడం. ఇంజనును మూడు నుంచి ఐదు నిమిషాలు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి, బండిని మెయిన్ స్టాండ్ వేసి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి, మర బిగించకుండా ఊరికే లోపల పెట్టి తీసి చూడమని కంపెనీ పుస్తకం చెబుతుంది. పది నిమిషాల పని. ఈ బండ్లలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం ఉండదు కాబట్టి, చూడకపోతే తెలిసే ప్రశ్నే లేదు. కాస్త అరిగిన ఇంజనైతే మే నెల ఎండలో యాక్సిలరేటర్ మొత్తం తిప్పి పట్టుకుని నూటాయాభై కిలోమీటర్లు పోయేసరికి కొంత ఆయిల్ తాగేస్తుంది. ఇక వెనక చక్రం దగ్గరుండే గేర్ల పెట్టెలో ఇంకో 120 మిల్లీలీటర్ల ఆయిల్ ఉంటుంది. దాని సంగతి చెప్పకపోవడమే మేలు. బండి కొన్ననాటి ఆయిల్‌తోనే పదేళ్లు నడిపిన మహానుభావులకు దాని ఉనికి ఇప్పుడు తెలిస్తే బాధపడతారు.

టైర్ల విషయంలో పెట్రోల్ బంకు కుర్రవాడి మీద భారం వెయ్యొచ్చు. యాక్టివాకు ముందు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36 పీఎస్ఐ పెట్టాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడు. కుర్రవాడు రెండింటికీ ముప్పై కొడతాడు. ముందు చక్రం గులకరాయి మీద ఎగిరెగిరి పడుతుంది. వెనక పది అంగుళాల చక్రమేమో ఇద్దరు మనుషులు, ఒక బియ్యం మూట కింద నలిగి కాగుతుంది. ఇదీ చాలకపోతే హైవేలో తెల్ల గీతకు అవతల, రోడ్డు అంచున నడపాలి. లారీ టైర్లు పేలినప్పుడు ఊడిన సన్నని ఇనుప తీగలు ఊడ్చినట్టుగా అక్కడికే చేరతాయి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే దాన్ని పీకకుండా అలాగే నిదానంగా పోతే గాలి మెల్లగా దిగుతుంది, పంక్చర్ షాపు దాకా చేరే అవకాశం ఉంది. అందుకే మనవాళ్లు ముందు మేకు పీకి, అరచేతిలో పెట్టుకుని పరిశీలిస్తారు.

ఇవన్నీ చిల్లర. అసలు సిసలైన ఆగుడు కావాలంటే బెల్టును నమ్ముకోవాలి.

గేర్ల బైకుల్లో చైను, గేరు చేసే పని ఇక్కడ ఒక రబ్బరు బెల్టు, రెండు కప్పీలు చేస్తాయి. ముందు కప్పీలో ఆరు రోలర్లుంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి కప్పీని నొక్కుతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. వెనక క్లచ్ ఇంజను వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకుంటుంది, వదిలేస్తుంది. బెల్టును ఇరవై నాలుగు వేల కిలోమీటర్లకు మార్చమని చాలా బండ్ల పుస్తకాల్లో ఉంటుంది. ఎడమ పక్క మూత విప్పితే తప్ప బెల్టు కనపడదు. కనపడనిదానికి ఖర్చెందుకు? బెల్టు పళ్ల మధ్య చీలికలు వస్తాయి, బండి కదిలేటప్పుడు వణుకుతుంది, రోలర్లు ఒక పక్క చదునై టాప్ స్పీడు పడిపోతుంది. "మైలేజీ ఇచ్చే పెట్రోలు కాదు ఇది" అని బంకును తిట్టి ముందుకు పోవాలి. ఒకచోట, సాధారణంగా చెట్టు లేనిచోట, టప్‌మంటుంది. కిక్కు కొడితే స్టార్టవుతుంది, రేజ్ చేస్తే అరుస్తుంది, చక్రం మాత్రం తిరగదు.

కొంతమంది తెలివిగా డిక్కీలో ఒక కొత్త బెల్టు పెట్టుకు తిరుగుతారు. వాళ్లనూ ఆపవచ్చు. ముందు కప్పీ నట్టు విప్పాలంటే కప్పీ తిరగకుండా పట్టుకునే పనిముట్టు గానీ, ఇంపాక్ట్ గన్ గానీ ఉండాలి. పల్లె వెల్డింగ్ షాపులో ఆ రెండూ లేకపోతే, కప్పీ చుట్టూ ఉండే ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి, నట్టు మీద ఉలి పెట్టి సుత్తితో కొడతారు. నట్టు వస్తుంది. దాంతోపాటు రెండు రెక్కలూ వస్తాయి. బెల్టుకు గాలి కొట్టేవి ఆ రెక్కలే. కొత్త బెల్టు ఎండాకాలమంతా పాత బెల్టును తలచుకుంటూ నడుస్తుంది.

ఘాట్ రోడ్డు లేనిదే దూర ప్రయాణం అనిపించుకోదు. కర్నూలు వాళ్లకు నల్లమల ఉంది, కడప వాళ్లకు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఉంది. ఎక్కేటప్పుడు ముందు లారీ ఆగితే, బ్రేకు పట్టుకోకుండా యాక్సిలరేటర్ కాస్త తిప్పి బండిని వాలులోనే నిలబెట్టాలి. చూసేవాళ్లకు నైపుణ్యంగా కనిపిస్తుంది. లోపల క్లచ్ షూలు జారి జారి కాలి, కొసకు మాడిన వాసన వస్తుంది. ముందున్న లారీదేలే అనుకోవచ్చు.

దిగేటప్పుడు పెట్రోలు పొదుపని ఇంజను ఆపేసే సంప్రదాయం ఒకటుంది. 2020 ఏప్రిల్ తర్వాత కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్6 బండ్లకు ఇంజెక్షన్ ఉంది, అంటే పెట్రోలును కార్బురేటర్ బదులు ఒక చిన్న కంప్యూటర్ కొలిచి చిమ్మిస్తుంది. వాలులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే అదే పెట్రోలు కట్ చేస్తుంది, ఇంజనూ వెనక్కి పట్టుకుని వేగం పెరగనివ్వదు. ఆపేస్తే మిగిలేది ఏమీ లేదు, పోయేది ఆ పట్టు. దాన్ని పోగొట్టుకోవడానికి ఇంకో దారి కూడా ఉంది. వేగం ఇరవై కిందికి పడితే క్లచ్ విడిపోతుంది, బండి కొండ మీది బండరాయిలా స్వేచ్ఛగా దొర్లుతుంది. తెలిసినవాళ్లు యాక్సిలరేటర్ కొంచెం తిప్పి, క్లచ్ పట్టుకున్నాక వదిలేస్తారు. రెండు బ్రేకులూ పట్టి పట్టి వదులుతూ మలుపుకు ముందే వేగం తగ్గిస్తారు. తెలియనివాళ్లు బ్రేకును కొండ మొదలు నుంచి చివరి దాకా నొక్కే ఉంచుతారు. డ్రమ్ము కాగి, బ్రేకు హ్యాండిల్ పిడి దాకా వచ్చేస్తుంది. ఇందులో మాత్రం వేళాకోళం లేదు. బ్రేకు మెత్తబడితే ఎక్కడున్నా ఆగి, అరగంట చల్లారనివ్వాలి. నీళ్లు పొయ్యకూడదు.

నీళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ముప్పై కిలోమీటర్లకోసారి ఇంజనుకు "రెస్టు" ఇవ్వాలనే శాస్త్రం గురించి ఒక ముక్క. రెస్టు కావాల్సింది నడుముకు. ఉగ్గాని, బజ్జీ తినేంతసేపు ఆగితే అది తీరిపోతుంది. ఆ కారణం చెప్పుకోవడానికి నామోషీగా ఉండి ఇంజను పేరు వాడుకుంటాం. అంతటితో ఊరుకోకుండా మగ్గుతో నీళ్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. ప్లగ్ క్యాప్‌లోకి నీళ్లు చేరి మిస్సింగ్ మొదలైతే వాళ్ల శాస్త్రం రుజువైనట్టే: "చూసినావా, వేడెక్కింది!"

శ్రీశైలం లెక్క తేలిక. కర్నూలు నుంచి దాదాపు 180 కిలోమీటర్లు. ట్యాంకు 5.3 లీటర్లు, ఇద్దరితో ఘాట్‌లో లీటరుకు 40 వేసుకున్నా పోతారు, తిరిగి రాలేరు. దారిలో నింపుకుంటే చింత లేదు, కాబట్టి నింపకూడదు. ఇంజెక్షన్ బండికి పాతకాలపు రిజర్వు తిప్పుడు లేదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే, పెట్రోలులో మునిగి చల్లగా పనిచేస్తుంది. ఎండబెట్టి నడిపితే దాని ఆయుష్షూ తగ్గుతుంది. సాయంత్రం బయల్దేరడం మరీ ఉత్తమం. రాత్రిపూట అడవి గేట్లు మూస్తారు, చెక్‌పోస్టు బెంచీ మీద తెల్లవారుతుంది.

గాలి గురించి ఎవరూ చెప్పరు. ఉరవకొండ, వజ్రకరూరు వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో పడమటి గాలికి ఎదురు పోతుంటే అరవై మీదున్న బండి నలభై ఐదుకు దిగుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. అప్పుడు చూపించిన మైలేజీనే మనం ఇంట్లో చెబుతాం.

కోతల కాలంలో నంద్యాల పల్లెల్లో రోడ్డు మీద కొర్ర, కంది కట్టె పరిచి ఉంటుంది, మన బండి తొక్కితే వాళ్లకు నూర్పిడి అవుతుంది. సేవాభావం మంచిదే కానీ, కంది కట్టె స్కూటర్ కింద చిక్కుకుని ఇరుసుకు చుట్టుకుంటుంది. కింద గింజ గోళీల్లా జారుతుంది కాబట్టి అక్కడ ముందు బ్రేకు ముట్టకూడదు. వాన పడితే కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడి మట్టి రోడ్లు ఎక్కకపోవడమే మంచిది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్యనున్న జానెడు లేని సందులో ఆ మట్టి కూరుకుపోయి, చక్రం నిలబడిపోతుంది. కంప కట్టెతో గీకాలి. పది అడుగులు పోయి మళ్లీ గీకాలి.

ఈ చర్చలో టీవీఎస్ ఎక్సెల్ ప్రస్తావన తేకపోవడమే మర్యాద. 99.7 సీసీ, నాలుగు లీటర్ల ట్యాంకు, బెల్టు లేదు, చైనే. మూడు మోపుల గడ్డి, ఒక మేకపిల్ల, వెనక పెద్దాయన. అది మన సిద్ధాంతాలన్నిటికీ అవమానం.

గువ్వలచెరువులో పాలకోవా కొంటే మాత్రం డిక్కీలో పెట్టకండి. డిక్కీ కింద ఇంజను ఉంది. రాయచోటి చేరేలోపు అది మళ్లీ పాలవుతుంది.

ఇన్ని చేశాక బండి ఆగకపోదు. టాటా ఏస్ దొరికితే, తాళ్లు కట్టకముందే కిరాయి మాట్లాడుకోవాలి. ఎక్కించాక మెయిన్ స్టాండ్ వెయ్యకూడదు, గుంతకు ఎగిరి పడుతుంది. ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, హ్యాండిల్ రెండు వైపులా తాడు కట్టి, షాకులు సగం దిగేదాకా కిందికి లాగి బిగించాలి. తాడు ప్లాస్టిక్ మీద రాసుకోకుండా కింద గోనెపట్ట పెట్టాలి. తర్వాత క్యాబిన్లో కూర్చుని కంపెనీని, పెట్రోలును, రోడ్డును వరసగా తిట్టుకుంటూ రావచ్చు. మధ్యలో డ్రైవరు "ఆయిల్ ఎప్పుడు మార్చినావన్నా?" అని అడుగుతాడు. అప్పుడు కిటికీలోంచి బయటికి చూసి, ఈసారి శనక్కాయకు వాన సరిగా పడలేదని మొదలుపెట్టాలి.