సగం బల్ల

(రాత్రి ఎనిమిదిన్నర. భోజనాల బల్ల ఉందనడానికి దాని నాలుగు కాళ్ళే సాక్ష్యం. పైనంతా కాగితాలు, ఫొటోలు, ఫైళ్ళు. ఒక మూల, ముక్కలు అంటించి బొమ్మ విమానం కట్టుకునే సీలు విప్పని అట్టపెట్టె, దాని మీద పసుపు రెక్కలు చాచిన విమానం బొమ్మ. వసుంధర భూతద్దం పట్టుకుని ఒక ఫొటో మీదికి వంగి ఉంది. సత్యం చేతిలో కంచం ఉంది.)

సత్యం: దీన్ని ఎక్కడ పెట్టుకోను?

వసుంధర: (తల ఎత్తకుండా) ఒళ్ళో పెట్టుకోండి.

సత్యం: పెళ్ళయిన కొత్తలో బల్ల లేక ఒళ్ళో పెట్టుకున్నాను. బల్ల కొన్నాక కూడా ఒళ్ళోనేనా?

వసుంధర: పదిహేడు, పద్దెనిమిది... అయ్యో, పోయింది! మీ వల్ల లెక్క తప్పింది.

సత్యం: ఏమి లెక్కపెడుతున్నావు?

వసుంధర: రెక్క మీద రేకు ముడతలు. ఇది డివాస్టేటర్ అండీ, రెండో ప్రపంచ యుద్ధంనాటి అమెరికా విమానం, నౌకల మీదికి టార్పెడోలు, అంటే నీళ్ళలో దూసుకుపోయే బాంబులు, వదిలేది. దీని రెక్క నున్నగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. పెట్టెలోని ముక్క మీద ఎన్ని అలలున్నాయో, అసలు విమానానికి ఎన్ని ఉన్నాయో చూడాలి.

సత్యం: పెట్టె విప్పలేదు కదా!

వసుంధర: ముందు అసలు దాని లెక్క తేలనివ్వండి.

సత్యం: వసూ, ఆ పెట్టె నీ పుట్టినరోజుకు నేనే కొనిచ్చాను. నాలుగు రోజుల్లో అంటించేసి అలమరాలో పెడతావనుకున్నాను. మూడేళ్ళయింది. అమెరికావాళ్ళు అసలు విమానాన్ని కట్టడానికి ఎన్నాళ్ళు తీసుకున్నారు?

వసుంధర: 1934లో ఆర్డరు, 1935 ఏప్రిల్‌లో తొలిసారి ఎగిరింది.

సత్యం: చూశావా! నీ చేతిలో పడి ఉంటే యుద్ధం అయిపోయేదాకా నేల మీదే ఉండేది.

వసుంధర: వాళ్ళకేమండీ, వాళ్ళు కట్టిందే విమానం. ఎవరూ వచ్చి తప్పు పట్టరు. నాది అలా కాదు.

సత్యం: ఇంత అవస్థ ఎందుకు? ఏదో ఒక మ్యూజియంలో ఉంటుంది కదా, దాని ఫొటోలు తెప్పించుకో.

వసుంధర: (భూతద్దం కింద పెట్టి) ఏ మ్యూజియంలోనూ లేదు. పరీక్షకు కట్టిన మొదటిదానితో కలిపి 130 చేశారు. నేల మీద ఒక్కటీ మిగలలేదు.

సత్యం: నూట ముప్ఫైలో ఒక్కటీ లేదా? ఇంట్లో డజను చెంచాలు కొంటేనే పదేళ్ళ తర్వాత రెండు మిగులుతాయి.

వసుంధర: యుద్ధంలో పోయినవి పోయాయి. మిగిలినవి శిక్షణకు వాడారు, 1944 వచ్చేసరికి తుక్కు చేశారు. అప్పటికి అదొక పాత బండి. ఎవరికి కావాలి?

సత్యం: నీకు కావాలి. ఎనభై ఏళ్ళు ఆలస్యంగా.

వసుంధర: సముద్రం అడుగున ఉన్నాయి లెండి. మార్షల్ దీవుల్లో జలూయిట్ అనే చోట, ఉప్పుటేటి అడుగున రెండు. 2018 మార్చిలో కోరల్ సముద్రంలో, యుద్ధంలో మునిగిన లెక్సింగ్టన్ అనే విమానవాహక నౌక దొరికింది కదా, దాని దగ్గర కొన్ని. మూడు కిలోమీటర్ల లోతులో. ఇదిగో, ఆ వీడియోను ఆపి ఆపి తీసుకున్న బొమ్మలు.

సత్యం: (బొమ్మ అందుకుని) రంగు కూడా ఉందే! డెబ్భై ఆరేళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్న రంగు. మన గోడకు వేయించింది మూడో వానకే పెచ్చులూడింది.

వసుంధర: ఆ రంగును నమ్మడానికి లేదు. అంత లోతులో దీపం వేసి తీసిన బొమ్మ, అంతా నీలంగానే కనిపిస్తుంది.

సత్యం: అయితే పాత ఫొటోలు నమ్ము. వెయ్యి పోగుచేశావుగా.

వసుంధర: అవన్నీ నలుపూ తెలుపూ. అందులోనూ కొన్ని ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద తీసినవి. ఆ ఫిల్ముకు ఎరుపు కనబడదు, నల్లగా పడుతుంది. పసుపు ఉన్నదానికంటే ముదురుగా వస్తుంది. నీలమేమో వెలిసిపోతుంది. పెట్టె మీద చూడండి, రెక్కలు నిమ్మపండులా మెరుస్తున్నాయి. ఇదిగో ఈ ఫొటోలో అవే రెక్కలు, బొగ్గులో దొర్లించినట్టు లేవూ?

సత్యం: (ఫొటోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని) ఆగు. ఎరుపు నల్లగా పడుతుందా?

వసుంధర: అవును.

సత్యం: మా నాన్నమ్మ ఫొటోలో ఆమె చేతిలో గులాబీ నల్లగా ఉంటుంది.

వసుంధర: ...

సత్యం: వాడిపోయిన పువ్వు పట్టుకుని ఎవరైనా ఫొటో దిగుతారా అని నవ్విందెవరు?

వసుంధర: నేనే.

సత్యం: ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతున్నావు.

వసుంధర: సరేనండీ, ఎర్ర గులాబీయే అయి ఉంటుంది. ఆమెకు క్షమాపణలు. ఇక కొంచెం జరగండి, తోక రంగుల ఫైలు మీ మోచేతి కింద ఉంది.

సత్యం: తోకకు వేరే ఫైలా?

వసుంధర: యుద్ధానికి ముందు ఒక్కో నౌకకు ఒక్కో తోక రంగు. లెక్సింగ్టన్‌ది పసుపు, సారటోగాది తెలుపు, యార్క్‌టౌన్‌ది ఎరుపు, ఎంటర్‌ప్రైజ్‌ది నీలం. పక్కన రాసిన అంకెలు చూసి పోల్చుకోవాలి. ‘6-టి-4’ అని ఉంటే ఆరో దళం, టార్పెడో విమానం, నాలుగోది. అంకె కనబడిందంటే నౌక తెలుస్తుంది, నౌక తెలిస్తే రంగు తెలుస్తుంది.

సత్యం: అంకె కనబడకపోతే?

వసుంధర: ఇంకో ఫొటో వెతకాలి.

సత్యం: ఇంతకీ నువ్వు కట్టేది ఏది?

వసుంధర: అదే తేలడం లేదు. పసుపు రెక్కలది అందంగా ఉంటుంది. 1942 ఫిబ్రవరిలో జలూయిట్ మీదికి వెళ్ళినదానికి నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క, తోక మీద ఎరుపూ తెలుపూ చారలు. జపానువాళ్ళ ఎర్ర సూర్యుడనుకుని సొంతవాళ్ళే కాల్చేస్తారేమోనని మేలో ఆ ఎరుపంతా తీసేశారు. జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర యుద్ధానికి వెళ్ళినవాటికి ఎరుపు లేదు.

సత్యం: మిడ్‌వేది కట్టు. పేరున్న యుద్ధం.

వసుంధర: (కాసేపు ఆగి) ఆ రోజు మూడు నౌకల నుంచి 41 వెళ్ళాయి. ఎనిమిదో దళంవి పదిహేనూ పోయాయి. ముప్ఫై మందిలో ఒక్కడు బతికాడు, జార్జ్ గే అని. నీళ్ళలో తేలుతూ ఆ తర్వాతి దాడి చూశాడు. ఆ పదిహేనింట్లో ఏదో ఒకటి కట్టి, అంకె తప్పు వేస్తే ఎలాగండీ? ఆ అంకె ఉన్న విమానంలో మనుషులున్నారు కదా.

(సత్యం ఏమీ అనలేదు. కంచాన్ని కుర్చీ మీద పెట్టి, ఇంకో ఫొటో తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు అకౌంట్స్‌లో పనిచేసిన మనిషి. లెక్క తప్పిందంటే, అది ఎవరి లెక్కయినా సరే, ఆయనకు నిద్ర పట్టదు.)

సత్యం: దీని కింద ‘జూన్ 1942’ అని ఉంది.

వసుంధర: అవును, మిడ్‌వే ఫైలులోది.

సత్యం: నక్షత్రం మధ్యలో చుక్క ఉంది. మేలో తీసేసిన చుక్క జూన్‌లో ఎలా కనిపిస్తుంది? ఈ వోచరు చెల్లదు.

వసుంధర: (లాక్కుని, భూతద్దం పెట్టి) అయ్యో రామా. ఉంది.

సత్యం: ఫొటోది తప్పు కాదు. కింద రాసినవాడిది తప్పు. నీ ఫైలులో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో మొదటి నుంచీ ఆడిట్ చేయాలి.

వసుంధర: మీరు చేస్తారా?

సత్యం: నేనేమీ చేయను. నాకు కంచం పెట్టుకోవడానికి చోటు కావాలి. (పెట్టె తిప్పి చూసి) పూర్తయ్యాక ఇది ఎంత ఉంటుంది?

వసుంధర: అసలుది 50 అడుగులు. నలభై ఎనిమిదో వంతు అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 32 సెంటీమీటర్లు.

సత్యం: (పెట్టె పక్కన రాసింది చదువుతూ) ‘రెక్కలు మడిచి కూడా కట్టుకోవచ్చు.’ మడుస్తారా? విమానాన్నా?

వసుంధర: నౌకలో చోటు ఉండదు కదండీ. పైలట్ లోపల కూర్చునే ఉంటాడు, నూనె ఒత్తిడితో రెక్కలు వాటంతట అవే పైకి లేచి మడుచుకుంటాయి. అమెరికా నౌకాదళంలో అలా మడిచే ఏర్పాటు మొదట దీనికే వచ్చింది. మడిస్తే 50 అడుగులది 26 అడుగులు కూడా ఉండదు.

సత్యం: అంటే 32 సెంటీమీటర్లది...

వసుంధర: పదహారు, పదహారున్నర.

సత్యం: (ముఖం వెలిగిపోయి) సగం! వసూ, నౌకలో చోటు లేక వాళ్ళు మడిచారు. మన ఇంట్లో మాత్రం చోటుందా? రెక్కలు మడిచి కట్టు. విమానానికి సగం బల్ల, నాకు సగం బల్ల.

వసుంధర: (ఆయన వైపు చాలాసేపు చూసి) మీకు ఇంత మంచి ఆలోచన వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

సత్యం: మరి ముందే అడగాల్సింది.

(ఆమె లేచి లోపలికి వెళ్ళింది. సత్యం ఖాళీ అయిన కుర్చీలో కూర్చుని, కాగితాలను ఒక పక్కకు నెట్టి, కంచాన్ని బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ళతో బల్లను ఒకసారి తట్టాడు కూడా. ఇంతలో ఆమె గడ్డం దాకా పేర్చిన మూడు ఫైళ్ళతో తిరిగొచ్చింది.)

సత్యం: ఇవేమిటి?

వసుంధర: మడత ఫైళ్ళు. రెక్క చాచి ఉంటే ఆ కీలు బయటికి కనిపించదు, ఎవరూ అడగరు. మడిచామంటే రెక్క లోపలిదంతా బయటపడుతుంది. పైపులు, బందులు, తాళం పడే పిన్నులు, అన్నీ చూపించాలి. ఇన్నాళ్ళూ భయపడి దీని జోలికి పోలేదు. మీరు ధైర్యం చెప్పారు కాబట్టి సరిపోయింది. కంచం తీయండి.

సత్యం: నేను ధైర్యం చెప్పలేదు, చోటు అడిగాను!

వసుంధర: ఇవన్నీ వరసగా పరిస్తేగానీ పోల్చలేం. ఆ నీళ్ళ చెంబు కూడా తీయండి.

(కంచం మళ్ళీ ఒళ్ళోకి చేరింది. ఫొటోలు బల్ల అంచు దాకా వచ్చి, ఆగి, పక్క కుర్చీ మీదికి పాకాయి. సత్యం తింటూ, చూడనట్టుగా చూస్తున్నాడు. రెండు ముద్దలయ్యాక మెడ ముందుకు చాచాడు.)

సత్యం: వసూ. ఈ పైపు కీలుకు ముందు నుంచి పోతోంది కదా?

వసుంధర: అవును.

సత్యం: అదిగో, ఆ ఫొటోలో వెనక నుంచి పోతోంది.

వసుంధర: ఎక్కడ? ఏదీ? (సత్యం వేలు చాపగానే) ముట్టుకోకండి! ముందు వెళ్ళి చెయ్యి కడుక్కుని రండి.